కర్మ అయ్యేదాకా ఆగే ప్రోగ్రాము

మా ఆఫీసులో పాత కంప్యూటరును బెంగాలీ సహోద్యోగులు "బుడో" అంటారు. ముసలాయన అని. కలకత్తాలో, నది ఒడ్డున, గార్డెన్ రీచ్ వైపు, డాక్ కార్మికుల విభాగంలో రెండో అంతస్తు చల్లగదిలో అది ఉండేది. దాని ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన కంపెనీ మరో కంపెనీలో కలిసిపోయింది, ఆ కంపెనీ దాన్ని ఇంకెవరికో ఇచ్చేసింది. సిస్టమ్ మాత్రం నడుస్తూనే ఉంది. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. మౌస్ లేదు, బొమ్మలు లేవు.

పొద్దున్నే నేను చేసే మొదటి పని, ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో ఒకసారి చూసుకోవడం. ఆ వరుసలో ఒకచోట మా అక్క పేరు ఉండేది. దాని పక్కన స్థితి: వేచి ఉంది.

అక్క పోయిన శీతాకాలంలో చనిపోయింది. ఊపిరితిత్తుల జబ్బు.

దీని గురించి పెద్దగా చెప్పదలచుకోలేదు. మా పనిలో ఇది మామూలే. మనిషి రిటైరైనా, బదిలీ అయినా, పోయినా, ఆ మనిషి ఖాతా మీద మొదలైన పని ఎవరో ఒకరు ఆపేదాకా నడుస్తుంది. నేను ఆపలేదు. ఆపితే గ్యాంగుల పని ఆగిపోతుంది. ఆ వరుస చదివేటప్పుడు ఆ పేరు దగ్గర నా కన్ను కొంచెం ఎక్కువసేపు నిలిచేది, అంతే.

ఓడల్లో సరుకు ఎక్కించి దించే పని గ్యాంగులది. ఒక్కో గ్యాంగుకు ఒక మేస్త్రీ. చాలా గ్యాంగులు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన తెలుగువాళ్లవి, తాతల నాటి నుంచి. గ్యాంగులో ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుతో పని వస్తుంది, డాక్ లైన్లలో, అంటే కార్మికుల వరుస ఇళ్లలో, ఒక గది వస్తుంది. మనిషి చనిపోతే ఆ చోటు ఆ ఇంటిది. వాళ్ల ఇంట్లో ఎవరు వస్తారో వచ్చి చెప్పాలి. చెప్పకపోతే చోటు పని కోసం ఎదురుచూసేవాళ్ల సాధారణ జాబితాలోకి వెళ్తుంది. చోటుతో పాటు గదీ పోతుంది.

అక్క నాకంటే చాలా ముందు కలకత్తా వచ్చింది. ఆమె వెనకాల నేనూ అదే ఆఫీసుకు వచ్చాను. ఇద్దరం ఖిదిర్‌పూర్‌లో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ప్రోగ్రాములను వెడల్పాటి కాగితం మీద అచ్చువేసుకొచ్చి, మంచం మీద పడుకుని నవల చదివినట్టు చదివేది అక్క. మధ్యలో నవ్వుకునేది. అందులో నవ్వడానికి ఏముంటుందని అడిగితే, "వీడెవడో భయస్తుడే, ఒకే సంగతి మూడుసార్లు చూసుకున్నాడు," అనేది.

నేను పనిలో చేరిన తొలి ఏళ్లలో ఒక గ్యాంగు మనిషి పోయాడు. ఆఫీసు మరునాడే చోటు ఖాళీ అని రాసుకుని, జాబితాలో తర్వాతి మనిషికి ఇచ్చేసింది. కర్మ అయ్యాక ఆ ఇంటివాళ్లు పేరు చెప్పడానికి వచ్చేసరికి చోటు లేదు. అప్పటి మేస్త్రీ మా ఇద్దర్నీ ఆ లైన్లకు తీసుకెళ్లాడు. గది ఖాళీ చేస్తున్నారు. ఆ ఇంటావిడ గిన్నెలు సర్దుకుంటూనే మాతో మాట్లాడింది.

"మైల్లో ఉండి గుమ్మం ఎలా దాటతామమ్మా? సంతకం ఎలా ఎడతాం? మీ ఇళ్లల్లో దాటతారేటి?"

దాటరు. ఆ మాట మా ఇద్దరికీ తెలుసు. తిరిగొచ్చేటప్పుడు అక్క బస్టాపు దగ్గర మరమరాల ఝాల్‌ముడి పొట్లం కొని, తినకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది. మరునాడు మేస్త్రీని కిటికీ దగ్గరికి పిలిపించింది.

"ఎన్ని రోజులు ఆగమంటావు చెప్పు. అన్ని రోజులు ప్రోగ్రాములో పెడతాను."

"ఎన్నని సెప్పీదమ్మా? ఒకలింట్లో పదకొండు, ఒకలింట్లో పన్నెండు. కొందరు ఊరెల్లి సేత్తారు. రైలు టిక్కెట్టు దొరకాల, బావమరుదులు రావాల, మేనమాంల అలకలు తీరాల. అయిపోనాక నానే వచ్చి సెప్తాను."

"నువ్వు రాకపోతే?"

"నాను పోతే ఇంకో మేస్త్రీ వత్తాడు. మేస్త్రీ నేకుండా గ్యాంగుంటాదేటి?"

అక్క నవ్వింది. ఆ ప్రోగ్రాములో రోజుల లెక్క పెట్టలేదు. చావు కబురు అందగానే చోటు పక్కకు తీసిపెట్టి, మేస్త్రీ వచ్చి కర్మ అయిందని చెప్పేదాకా అది ఊరుకునే ఉంటుంది. ఈలోపు ఆ చోట్లో జాబితా మనిషి ఎవరైనా రోజుకూలి మీద పని చేస్తాడు. ఎంతసేపైనా ఆగే ప్రోగ్రాము రాయకూడదని నువ్వే కదా నేర్పావు అన్నాను.

"మనిషి వచ్చి చెప్పాల్సిన దానికి గడియారం ఎందుకే?" అంది.

ఈ ఏడాది ఆఫీసు ముసలాయనను కొత్త యంత్రం మీదికి మార్చాలని నిర్ణయించింది. ప్రోగ్రాములు పారేయరు. వాటిని తిరగరాయడం మొదలుపెడితే ఎన్నేళ్లు పడుతుందో ఎవరికీ తెలియదు. పాత సిస్టమ్‌ను కొత్త యంత్రం మీద అలాగే నడిపిస్తూ దానికి తలుపులు పెడతారు. ఒక తలుపు గేటుకు, ఒకటి ఆసుపత్రికి, ఒకటి కార్మికుల ఫోన్లలోని యాప్‌కు. బయటివాళ్లు తలుపు దగ్గర అడుగుతారు, లోపలి పాత ప్రోగ్రాము జవాబిస్తుంది. ఆ పని కోసం హైదరాబాదు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. పాత ప్రోగ్రాముల సంగతి చెప్పడానికి నన్ను ఆమె పక్కన కూర్చోబెట్టారు.

మొదటి రోజే ఆమె నన్ను అక్కా అంది. "మా దిక్కు అందర్నీ అట్లనే అంటం, ఏమనుకోకండి," అంది. నేను ఏమీ అనుకోలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ మాట నేను అనేదే తప్ప, నన్ను ఎవరూ అన్నది కాదు. కొన్నాళ్ల పాటు ఆమె పిలిచినప్పుడల్లా పక్కకి చూసేదాన్ని.

అవి వానల నెలలు. కిటికీలోంచి నది సగం కనిపించేది, సగం కనిపించేది కాదు. ఓడ కూత వినిపించిన చాలాసేపటికి ఓడ కనిపించేది. మధ్యాహ్నం భోజనం తర్వాత ఆకుపచ్చ అక్షరాలు చదువుతూ ఉంటే వరుసలు ఒకదాంట్లోకి ఒకటి జారిపోయేవి. నిద్రకూ మెలకువకూ మధ్య, పక్క కుర్చీలో అక్క కూర్చుని ఉండేది. ఫలానా చోట ఏం చేశావని అడిగేదాన్ని. మరమరాలు తింటూ ఉండేది, జవాబు చెప్పేది కాదు. కళ్లు తెరిస్తే పక్క కుర్చీలో హైదరాబాదామె ఉండేది. "అక్కా, చాయ్ తాగుదమా?" అనేది.

కొత్త యంత్రం మీద పోయినవాళ్ల ఖాతాలు ఉండకూడదన్నారు. అది సరైన నియమమే. అక్క పేరు మీద నడుస్తున్న ప్రోగ్రామును నేనే ఆపి, విభాగం పేరు మీద మళ్లీ మొదలుపెట్టాను. రెండు ఆజ్ఞల పని. వరుసలో ఇప్పుడు అక్క పేరు లేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ ఒక స్టాపు ముందే దిగి, వానలో నడిచాను. ఎందుకో తెలియదు.

ఆ తర్వాత వారమే హైదరాబాదామె అడిగింది.

"అక్కా, ఇదేంది? చావు కబురు లోపలికి పోతున్నది, జవాబు వస్తలేదు. ఊకె కూసుంటున్నది."

"అది అంతే. కర్మ అయ్యేదాకా ఆగుతుంది."

"ఎన్ని రోజులు?"

"మేస్త్రీ వచ్చి చెప్పేదాకా."

ఆమె నవ్వి, నేను నవ్వకపోవడం చూసి ఆపింది. "యాప్ అట్ల ఆగదు అక్కా. రెండు నిమిషాలు జవాబు రాకపోతేనే తెగిపోతది. గడువు పెట్టాలె."

మా అధికారి దగ్గర సమావేశం జరిగింది. ఆయన బెంగాలీ, మర్యాదస్తుడు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆయన విన్నారు. "దిది, సాధారణ జాబితాలో ఉన్నవాళ్లకీ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. వాళ్లెన్నాళ్లు ఆగాలి?" అన్నారు. అది తప్పు ప్రశ్న కాదు. మూడు రోజుల గడువు పెట్టారు. ఇంటివాళ్లు ఫోన్లోనే వారసుడి పేరు నొక్కి చెప్పొచ్చు, గుమ్మం దాటక్కర్లేదు కదా అన్నారు. అక్కడ అందరికీ అది బాగానే తోచింది. నాకూ ఒక్క క్షణం తోచింది.

తలుపులు తెరిచిన నెలలోపే ఒక గ్యాంగు మనిషి పోయాడు. గుండె. ఇంట్లోనే, అన్నం ముందు కూర్చుని. ఆసుపత్రి తలుపులోంచి కబురు మాకు నిమిషాల్లో వచ్చింది. అనుకున్నట్టే అన్నీ పనిచేశాయి.

మరునాడు పొద్దున మేస్త్రీ నా కిటికీ దగ్గరికి వచ్చాడు. పాత మేస్త్రీ ఏనాడో పోయాడు, ఇతను అతని తర్వాతివాడు. గొడుగు మడిచి గోడకు ఆనించాడు.

"అమ్మా, సచ్చిపోనోడికి మీ మెసేజీ వచ్చినాది."

"ఎవరికి?"

"ఆడికే. ఆడి ఫోనుకే. దీపం కాడ ఫొటో పక్కన ఎట్టినారు ఫోను. రాత్రి టింగుమన్నాది. మీ చోటు ఖాళీ అయినాదీ, మూడ్రోజుల్లో వారసుడి పేరు సెప్పండీ అని. ఆడి కూతురు ఆ బంగ్లా బాస సదివి సెప్పింది. ఇంక సూడండి ఆ ఇంట్లో."

ఆఫీసు దగ్గర ఉన్న ఫోను నంబరు ఆ మనిషిదే. వేరే నంబరు ఎందుకుంటుంది?

"ఎల్లుండి సాయంత్రంతో సరి అంట కదా. నొక్కితే సాలంట. ఎవులు నొక్కుతారమ్మా ఆ ఫోను? దీపం కాడున్న ఫోను తీసి నొక్కమంటే, ఆడి పెళ్లాం నా ముకాన్న ఉమ్మింది. ఇంకా గది పోతాదని ఆల్లకి సెప్పనేదు నాను."

"పేరు ఎవరిది?"

"ఆడి తమ్ముడిదే, ఇంకెవులిది? ఆ మాటైనా ఇప్పుడు ఆల్లని అడగనేం."

హైదరాబాదామె నా వెనకాల నిలబడి అంతా వింది. నేను బయల్దేరితే తనూ గొడుగు తీసుకుంది.

లైన్లలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. గది బయట టార్పాలిన్ కింద మగవాళ్లు కూర్చున్నారు. లోపల చీకటి, చీకట్లో చిన్న దీపం. దాని పక్కన ఫొటో, ఫోను. ఫోనుకు చార్జింగు తీగ పెట్టి ఉంది. ఊరి నుంచి చుట్టాలు ఇంకా ఆ నంబరుకే చేస్తున్నారట, మోగితే కూతురు పిన్ని గదికి పోయి ఆమె ఫోన్లోంచి తిరిగి చేస్తోందట. చనిపోయినతని భార్య గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. మేం వచ్చామని తెలిసినా తిరగలేదు.

ఒక ముసలావిడ హైదరాబాదామెను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వెవులి పిల్లవమ్మా?"

"హైదరాబాదు పెద్దమ్మా."

"తెలుగుదానివే. మెసేజీ పంపింది నువ్వేటి?"

ఆమె తల ఊపింది.

"మరి తెలుగులో ఎందుకెట్టనేదు? ఆడికి బంగ్లా రాదు కదా," అంది ముసలావిడ. అందులో ఎగతాళి లేదు. చనిపోయినతను ఇంకా చదవాల్సి ఉన్నట్టే అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం ఆటో ఎక్కాం. పడవలు మంచులోకి వెళ్తున్నట్టు లారీలు వానలోకి వెళ్తున్నాయి. ఖిదిర్‌పూర్ వంతెన దగ్గర ఆటో ఆగినప్పుడు హైదరాబాదామె అంది:

"మా నాయిన పోయిన నాలుగో నాడు నేను కాల్‌ల ఉన్న అక్కా. వీడియో బంద్ పెట్టుకొని. ఎవరూ కూసోమని అనలె. నేనే కూసున్న. అయిపోయినంక పోయి స్నానం చేసిన."

 

ఆ మధ్యాహ్నం ఆమె కాగితం మీద గీసి చూపించింది. తలుపు కొట్టినవాళ్లు జవాబు కోసం గుమ్మంలో నిలబడనక్కర్లేదు. కబురు అందిందని వెంటనే చెప్పి పంపేయాలి. యాప్ తెగదు. లోపల పాత ప్రోగ్రాము దాని మానాన అది ఆగుతుంది. మేస్త్రీ వచ్చి చెప్పాక అదే బయటికి కబురు పంపుతుంది. సాధారణ జాబితాకు చోటు ఖాళీ అని కాదు, పక్కన పెట్టి ఉందని కనపడుతుంది. వాళ్లలో ఒకరికి ఈలోపు రోజుకూలి పని ఎప్పటిలాగే దొరుకుతుంది. ఇంటికి మెసేజీ పోదు. మేస్త్రీకి పోతుంది, తెలుగులో.

"ఒక్కరోజు పని అక్కా. కష్టమేం గాదు. గడువు తీసెయ్యనీకే సంతకం గావాలె."

అధికారి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన తల్లి పోయిన ఏడాదే చనిపోయారు. కాజ్, అంటే వాళ్ల కర్మ, అయ్యేదాకా ఆయన చెప్పుల్లేకుండా, తెల్లబట్ట కట్టుకుని ఇంట్లోనే ఉండటం మా అందరికీ తెలుసు. ఆ మాట నేను ఎత్తలేదు. ఎత్తడం అన్యాయం అనిపించింది. ఆయనే కిటికీ వైపు చూసి, "అప్పుడు నా ఫోను మా అబ్బాయి దగ్గర ఉండేది," అన్నారు. తర్వాత, "ఎన్ని రోజులని రాయను దిది? పరిమితి లేకుండా పైకి ఎలా పంపను?" అన్నారు.

"మేస్త్రీ వస్తడు కదా సార్, అదే పరిమితి," అంది హైదరాబాదామె.

ఆయన నవ్వలేదు. అలాగే రాశారు. సంతకం చేశాక కలం మూత పెట్టకుండా కాసేపు పట్టుకున్నారు. గడువు ముగిసే సాయంత్రానికి ముందే పాత పద్ధతి కొత్త తలుపు వెనక నడవడం మొదలైంది. చనిపోయినతని గ్యాంగు నంబరు పక్కన మళ్లీ "వేచి ఉంది" అని కనపడింది.

ఆ కుటుంబం కర్మకు ఊరెళ్లింది. నేను రోజులు లెక్కపెట్టలేదు. అధికారి మెట్ల మీద కనపడినప్పుడల్లా "వచ్చారా దిది?" అని అడిగేవారు. లేదనేదాన్ని. సరే అనేవారు. మేస్త్రీ అప్పుడప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, అడగకపోయినా తమ్ముడి పేరు చెప్పి వెళ్లేవాడు.

అక్క కర్మ మా పెదనాన్న కొడుకు చేశాడు. అయిన మరునాడే నేను ఆఫీసుకు వచ్చాను. అందరూ అయిపోయిందన్నట్టే మాట్లాడారు. అయిపోయిందని నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు, అంతే తేడా. ఇంట్లో ఆమె అచ్చువేసిన కాగితాలు ఇంకా మంచం పక్కనే ఉన్నాయి. ఆ వానల్లో వాటిని ఒక్కొక్కటిగా చదివాను. భయస్తుడెవరో మూడుసార్లు చూసుకున్న చోటు దొరికింది. నాకూ నవ్వొచ్చింది.

ఒక పొద్దున వాన తెరిపిచ్చాక, కిటికీ దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. మేస్త్రీ, గుండు మీద తువ్వాలు కట్టుకున్న తమ్ముడు, చనిపోయినతని భార్య. ఆమె ముఖం నేను చూడటం అదే మొదలు. నేననుకున్నదానికంటే చిన్నది.

"అయిపోనాదమ్మా కార్యం," అన్నాడు మేస్త్రీ. తమ్ముణ్ణి ముందుకు తోశాడు. "సెప్పరా నీ పేరు."

"ఆడు కాదు. నానొత్తాను పనికి," అందామె.

మేస్త్రీ ఆమెను చూసి, నన్ను చూశాడు. "ఏటి? గ్యాంగులోకా? బస్తాలు మోత్తావేటి?"

"ఇప్పుడు బస్తాలు మోసీవోడెవుడు? నువ్వు మోత్తన్నావేటి? క్రేన్లే కదా మోత్తన్నాయి. గేటు కాడ ఆడోలు కూకుంటన్నారు, ఆ పని ఇవ్వండి. గది నా పేరున ఉండాల. నా కూతురు సదువు ఇక్కడే."

"నువ్వేటంటావు రా?" అన్నాడు మేస్త్రీ తమ్ముడితో.

"నాకిక్కడొద్దు మాఁవా. నాను మా సేపల పడవ మీదే ఉంటాను. ఊర్లోనే అనుకున్నాం కదా, వదినా నానూ."

"మరి నాకు సెప్పరేటి? నానిక్కడ వచ్చీ పోయీ నీ పేరు సెప్పి ఈయమ్మ పేనం తీత్తన్నాను."

"నువ్వెప్పుడడిగావు?" అందామె.

మూడో రోజున ఎవరైనా ఆ ఫోను నొక్కి ఉంటే నొక్కేది తమ్ముడి పేరే. గది అతని పేరున ఉండేది. ఈమె ఆ గదిలో మరిది దయ మీద ఉండేది. అతను ఇష్టం లేని పనికి వచ్చేవాడు. గోడవైపు తిరిగి కూర్చున్న మనిషిని అడగాలని అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు, నాతో సహా.

గేటు దగ్గర పనికి గ్యాంగు నంబరు మీద ఆడవాళ్లను తీసుకునే వీలు ఉంది. ఎవరూ అడగరు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. అధికారి చదివి సంతకం చేశారు. నేను పాత తెర మీద కర్మ అయిందని కొట్టాను. పక్క బల్ల మీద హైదరాబాదామె తెరలో ఆ చోటు తెరుచుకుంది. ఆమె పేరు, ఊరు, గది అడిగి నింపుకుంటూ పోయింది.

"రేపటి నుంచి రావచ్చు అక్కా," అంది ఆమెతో.

చనిపోయినతని భార్య కొంగు భుజం మీదికి లాక్కుంది.

"రేపు మంగలారం. ఎల్లుండొత్తాను."

మేస్త్రీ ఏదో అనబోయాడు. హైదరాబాదామె నన్ను అడగలేదు, అధికారినీ అడగలేదు. వేసిన తేదీని చెరిపి, బుధవారం వేసింది.